కుక్కకు టానిక్కా, కోడిగుడ్డా?

పశుపోషణ శీర్షిక



ఈ నెల ఉత్తరాల్లో ఒక రైతు సోదరుడు రాసిన ఉత్తరానికి కాస్త వివరంగా జవాబు చెప్పదలచాను. ఆయన మామిడి తోటకు కాపలాగా ఒక కుక్క ఉంది. నాలుగేళ్ల వయసు, పదిహేను కిలోల ఒళ్లు. పొద్దున గంజి, రాత్రి మిగిలిన అన్నంలో పలుచని మజ్జిగ. అదే దాని తిండి. ఈ మధ్య బాగా చిక్కిపోయింది. వీపు నిమిరితే వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. బొచ్చు మొద్దుబారి ఊడిపోతోంది. మందుల షాపులో అడిగితే, కుక్కలకు అమైనో ఆమ్లాల టానిక్కు మంచిదని ఒక సీసా ఇచ్చారట. రెండు సీసాలు పోశాక కూడా కుక్క అలాగే ఉంది. "మూడో సీసా కొనమంటారా?" అని ఆయన ప్రశ్న.

సోదరా, ప్రస్తుతానికి కొనకండి. ఆ డబ్బుతో ఏం చేయాలో చివరకు చెబుతాను. ముందు ఆ సీసాలో ఉన్నదేమిటో, అది కుక్క ఒంట్లో చేసే పనేమిటో తెలుసుకుందాం. ఇలాంటి సీసాలు ఇప్పుడు పల్లెల్లోనూ దొరుకుతున్నాయి, ధర కూడా తక్కువేమీ కాదు.

కండ, చర్మం, బొచ్చు, గోళ్లు, రక్తం, తిండిని అరిగించే రసాలు అన్నీ ముఖ్యంగా మాంసకృత్తులతో తయారైనవే. డాక్టర్లు వీటినే ప్రొటీన్లు అంటారు. మాంసకృత్తి అంటే ఒకే వస్తువు కాదు. ఇరవై రకాల అమైనో ఆమ్లాలు రకరకాల వరుసల్లో అతుక్కుంటే మాంసకృత్తి అవుతుంది. వీటిలో సగం వరకు కుక్క ఒళ్లే తయారు చేసుకోగలదు. మిగిలిన పదింటిని చేసుకోలేదు, లేదా చాలినంతగా చేసుకోలేదు. అవి తిండిలోంచే రావాలి. లైసిన్, మిథియోనిన్, ట్రిప్టోఫాన్, త్రియోనిన్, ఆర్జినిన్ లాంటివి ఆ పదింటిలోవి. త్రియోనిన్‌ను 1935లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం రోజ్ కనిపెట్టాడు. ఆయన తర్వాత కుక్కల మీద కూడా ఈ విషయంలో పని చేశాడు.

పదిలో ఒక్కటి తక్కువైనా పని ఆగిపోతుంది. మంచం చేయడానికి పట్టెలు ఎన్ని ఉన్నా, నులక ఎంత ఉన్నా, కోళ్లు మూడే ఉంటే మంచం నిలవదు కదా. మిగిలిన పట్టెలను వడ్రంగి పొయ్యిలో పెట్టుకోవలసిందే. ఒంట్లోనూ అంతే. ఒక అమైనో ఆమ్లం తక్కువైతే, దానికి జతగా నిలవాల్సిన మిగతావి వాడకానికి రాక కాలిపోతాయి.

ఈ సంగతి లోకానికి తెలియడానికి కుక్కలే కారణం. 1816లో పారిస్‌లో ఫ్రాన్స్వా మజాండీ అనే వైద్యుడు ఒక కుక్కకు తెల్ల చక్కెర, శుద్ధమైన నీళ్లు తప్ప మరేమీ పెట్టలేదు. మొదటి వారం అది హుషారుగానే ఉంది. తర్వాత చిక్కిపోయింది, కళ్లు పుండ్లు పడ్డాయి, సుమారు నెల రోజులకు చచ్చిపోయింది. నూనె, వెన్న లాంటివి మాత్రమే పెట్టిన కుక్కల గతీ అదే. నత్రజని ఉన్న ఆహారం లేకుండా ప్రాణి బతకదని ఆయన తేల్చాడు. నత్రజని ఉండేది మాంసకృత్తుల్లో. ఆ కుక్కలకు విటమిన్లూ అందలేదు కాబట్టి చావుకు మాంసకృత్తుల లేమి ఒక్కటే కారణమని నేడు అనలేం. కళ్ల పుండ్లకు విటమిన్ లోపమే కారణమై ఉండవచ్చు. అయినా ఆయన వేసిన ప్రశ్న సరైనదే.

ఆ రోజుల్లో పారిస్‌లో ఎముకలు ఉడకబెట్టి తీసిన జిగురు పదార్థాన్ని, అంటే జెలటిన్‌ను, ఆస్పత్రుల్లో బీదలకు చారుగా పోసేవారు. ఖర్చు తక్కువ, బలం ఎక్కువ అని చెప్పేవారు. అది నిజంగా బలమేనా అని విచారించడానికి ఒక సంఘాన్ని వేశారు. దానికి పెద్ద మజాండీయే. జెలటిన్ ఒక్కటే పెడితే కుక్కలు బతకవని ఆ సంఘం 1841లో తేల్చింది. జెలటిన్ మాంసకృత్తే, మరి ఎందుకు బతకలేదు? అప్పుడు ఎవరికీ తెలియలేదు. 1901లో ఇంగ్లండులో హాప్కిన్స్, కోల్ అనే ఇద్దరు ట్రిప్టోఫాన్‌ను వేరు చేసి చూపారు. జెలటిన్‌లో ఆ ట్రిప్టోఫాన్ లేదు. మంచానికి ఒక కోడు లేదన్నమాట. మన ఇళ్లలోనూ ఆదివారం కూర మిగిల్చిన ఎముకలు ఉడకబెట్టి ఆ నీళ్లు అన్నంలో కలిపి "కుక్కకు మాంసం పెట్టాం" అనుకుంటాం. వాసనకు కుక్క ఇష్టంగా తింటుంది. కాని దాని వల్ల కండ పట్టదు.

"మా కుక్క ఎదిగిపోయింది కదా, ఇంకా మాంసకృత్తులు దేనికి?" అని కొందరు అడుగుతారు. నిజమే, కుక్కపిల్లకు ఎక్కువ కావాలి. కాని ఎదిగిన ఒళ్లు కూడా కట్టి వదిలేసిన రాతి గోడ లాంటిది కాదు, గడ్డి కప్పు లాంటిది. పాత గడ్డి తీసి కొత్త గడ్డి వేస్తూ ఉండాలి. 1930లలో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ షోన్‌హైమర్ ఎలుకలకు గుర్తుపట్టడానికి వీలైన నత్రజని ఉన్న అమైనో ఆమ్లాలు పెట్టి చూశాడు. ఎదిగిన ఎలుకల్లో కూడా ఆ నత్రజని చాలా భాగం ఒంటి మాంసకృత్తుల్లోకి చేరిపోయింది. అంటే పాతది రోజూ కరుగుతోంది, కొత్తది రోజూ చేరుతోంది. కరిగినదాన్ని ఒళ్లు చాలావరకు మళ్లీ వాడుకుంటుంది. కాని కొంత ప్రతిరోజూ పోతుంది. ఆ నష్టాన్ని తిండి పూడ్చాలి. కుక్క విషయంలో బొచ్చు మరో పెద్ద ఖర్చు. బొచ్చు దాదాపు అంతా మాంసకృత్తే, అందులోనూ గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఎక్కువ. ఆ గంధకం మిథియోనిన్ ద్వారా, సిస్టీన్ ద్వారా రావాలి. తిండి చాలనప్పుడు బొచ్చు మొదట ఎందుకు పాడవుతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

అన్నం ఎక్కువైతే కొవ్వుగా మారి ఒంట్లో నిలవ ఉంటుంది. మాంసకృత్తులకు అలాంటి గాదె లేదు. అవసరానికి మించి వచ్చిన అమైనో ఆమ్లాలను కాలేయం విడగొడుతుంది. వాటి నత్రజని అమ్మోనియాగా బయటపడుతుంది. అమ్మోనియా విషం కాబట్టి కాలేయం దాన్ని యూరియాగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. ఈ చక్రాన్ని 1932లో జర్మనీలో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ కనిపెట్టారు. ఆ చక్రం తిరగడానికి ఆర్జినిన్ కావాలి. ఆర్జినిన్ లేకుండా మిగతా అమైనో ఆమ్లాలన్నీ ఒకేసారి కుక్కకు పెడితే అమ్మోనియా పెరిగి వాంతులు, చొంగ, కండరాల వణుకు వస్తాయి. మామూలు తిండిలో ఆర్జినిన్ ఉంటుంది కనుక ఆ భయం లేదు. విడివిడి ఆమ్లాలు కొని తోచినట్లు కలిపి పోయడం మంచిది కాదని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను.

ఇంకొక సంగతి. ఇదే మన సోదరుడి కుక్కకు ముఖ్యమని నా అభిప్రాయం. కుక్కకు కడుపు నిండా తిండి లేకపోతే, అంటే అన్నం లాంటి శక్తినిచ్చే ఆహారం చాలకపోతే, ఒళ్లు మాంసకృత్తులనే కాల్చుకుని శక్తి తెచ్చుకుంటుంది. పొయ్యిలోకి కట్టెలు లేక ఇంటి వాసాలు పీకి పెట్టుకోవడం అంటే ఇదే. ముందు మనం పోసిన టానిక్కు కాలుతుంది, తర్వాత దాని సొంత కండ కాలుతుంది. రాత్రంతా తోట చుట్టూ తిరిగే కుక్కకు పొద్దున గంజి నీళ్లు ఏ మూలకు? గంజిలో మాంసకృత్తులు నామమాత్రం. పలుచని మజ్జిగ గ్లాసుడు పోసినా ఒకటి రెండు గ్రాములకు మించి రావు.

ఇక లెక్క చూద్దాం. పదిహేను కిలోల ఎదిగిన కుక్కకు మేలురకం మాంసకృత్తులు రోజుకు కనీసం 25 గ్రాములు కావాలి. మన ఇళ్లలో దొరికే అన్నం, పప్పు అంత మేలురకం కావు కనుక 35 గ్రాములైనా చేరేలా చూడాలి. అమెరికాలో తయారీ కుక్క తిండికి పెట్టుకున్న కొలత ప్రకారం, నీరు తీసేసిన తిండిలో నూటికి 18 వంతులు మాంసకృత్తులుండాలి. పిల్లలకూ చూలు కుక్కలకూ 22.5 వంతులు.

బియ్యంలో నూటికి ఏడు వంతులు మాంసకృత్తులు, అందులో లైసిన్ తక్కువ. కందిపప్పులో నూటికి సుమారు 22 వంతులు, లైసిన్ బాగా ఉంటుంది కాని మిథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి కొంత పూడుస్తుంది. అన్నంలో పప్పు కలుపుకుని తినే మనకు ఇది సరిపోతుంది. కుక్కకు మాత్రం ఇంకా ఒక వెలితి మిగులుతుంది. బొచ్చు కోసం దానికి గంధకపు ఆమ్లాలు ఎక్కువ కావాలని చెప్పాను కదా. అన్నం, పప్పు ఎంత కలిపినా ఆ లోటు పూర్తిగా తీరదు. కోడిగుడ్డు, చేప, మాంసం తీరుస్తాయి.

కాబట్టి ఆ కుక్కకు రోజుకు నేను చెప్పే తిండి ఇది. 175 గ్రాముల బియ్యం మెత్తగా వండాలి. 50 గ్రాముల కందిపప్పు గాని పెసరపప్పు గాని విడిగా మెత్తగా ఉడికించి కలపాలి. రెండు గుడ్లు ఉడకబెట్టి చిదిమి వేయాలి. బియ్యం నుంచి 12, పప్పు నుంచి 11, గుడ్ల నుంచి 12 చొప్పున మొత్తం 35 గ్రాములు వస్తాయి. శక్తికీ కొదవ ఉండదు. రెండో గుడ్డు భారమనిపిస్తే దాని బదులు పిడికెడు చిన్న చేపలు గాని, కోడి మాంసం కొట్టు దగ్గర తీసేసే ముక్కలు గాని ఉడికించి వేయవచ్చు. ఎండు చేపలైతే రెండు మూడు సార్లు నీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించాలి. రెండు పూటలుగా పెట్టండి, కాపలా కుక్క కాబట్టి రాత్రి పూట ఎక్కువ పెట్టండి. తిండిని ఒక్కరోజులో మార్చకండి, వారం పట్టేలా మెల్లగా మార్చండి. ఇది మాంసకృత్తుల లెక్క మాత్రమే. నెలల తరబడి ఇదే పెట్టేటప్పుడు కాల్షియం, ఖనిజ లవణాలు ఎంత కలపాలో పశువుల డాక్టరును అడగండి.

గుడ్డు పచ్చిది వద్దు. పచ్చి తెల్లసొనలో ఉండే ఒక పదార్థం బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి అందకుండా పట్టేస్తుంది. పచ్చి తెల్లసొన సరిగా అరగదు కూడా. మీల్ మేకర్ పెట్టవచ్చా అని ఒక సోదరి క్రితంలో అడిగారు. బాగా ఉడికించి పెట్టవచ్చు, అందులో మాంసకృత్తులు సగం దాకా ఉంటాయి. కాని అదీ పప్పు జాతిదే, మిథియోనిన్ తక్కువ. గుడ్డుకు తోడుగానే తప్ప గుడ్డుకు బదులుగా పనికిరాదు. తాలింపులో వేసిన ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కకు పెట్టరాదు, అవి దాని రక్తకణాలను పగలగొడతాయి. ఉడికిన ఎముకలు పేలికలై పేగులో గుచ్చుకుంటాయి.

ఇప్పుడు సీసా దగ్గరకు వద్దాం. సీసా వెనక చిన్న అక్షరాల్లో చెంచాకు లైసిన్ ఎన్ని మిల్లీగ్రాములో, మిథియోనిన్ ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. మీ పిల్లల చేత చదివించండి. ఒక కోడిగుడ్డులో లైసిన్ 400 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, మిథియోనిన్ 200కు కాస్త తక్కువ ఉంటుంది. వాటితో పాటు మిగతా ఎనిమిదీ ఉంటాయి. సీసాలో చెంచాకు పదీ ఇరవై మిల్లీగ్రాములే ఉంటే, ఒక గుడ్డుకు సమానం కావడానికి ఎన్ని చెంచాలు పోయాలో, ఎంత ఖర్చవుతుందో మీరే లెక్క వేసుకోగలరు.

టానిక్కులన్నీ దండగ అని నేను అనడం లేదు. కొన్ని జబ్బుల్లో అమైనో ఆమ్లాలే మందు. కాలేయం చెడి పాదాల తొక్క, మూతి చుట్టూ చర్మం పగిలి పుండ్లు పడే ఒక జబ్బులో డాక్టర్లు వాటిని నరం ద్వారా ఎక్కిస్తారు. కొన్ని కుక్కల్లో గుండె కండరం సాగి బలహీనపడుతుంది. అమెరికన్ కాకర్ స్పానియల్ జాతి కుక్కల్లో ఆ జబ్బుకు టారిన్, కార్నిటిన్ ఇస్తే మేలు కలిగిందని 1997లో ఒక పరిశోధన వెలువడింది. పిల్లి టారిన్‌ను చాలినంత తయారు చేసుకోలేదు. కుక్క మిథియోనిన్ నుంచి, సిస్టీన్ నుంచి తయారు చేసుకోగలదు. కాబట్టి మన నాటు కుక్కకు గుడ్డు, చేప అందితే టారిన్ విడిగా కొనవలసిన పని సాధారణంగా ఉండదు.

పట్నాల్లోనూ విదేశాల్లోనూ ఉన్న పాఠకుల కోసం ఒక మాట. ధాన్యం లేకుండా బఠాణీ, పప్పులతో చేసిన సంచుల తిండి తినే కొన్ని కుక్కల్లో గుండె జబ్బు కనిపిస్తోందని 2018 జూలైలో అమెరికా ఆహార, ఔషధ శాఖ హెచ్చరించింది. చాలా పరిశీలన జరిగినా కారణం ఇదేనని తేలలేదు. కొత్త ఆధారాలు వస్తే తప్ప ఇక ప్రకటనలు చేయబోమని 2022 డిసెంబరులో ఆ శాఖ చెప్పింది. దీన్ని చూసి పప్పన్నం మానేయనక్కరలేదు. ధాన్యం మాన్పించి ఖరీదైన సంచి కొనడం వల్ల కుక్కకు ఒరిగేదేమిటో మాత్రం నాకు కనిపించడం లేదు.

మనుషుల కోసం అమ్మే ప్రొటీన్ పొడులు, చక్కెర లేని సిరప్పులు కుక్కకు ఎప్పుడూ పోయకండి. కొన్నిటిలో తీపి కోసం జైలిటాల్ అనే పదార్థం వేస్తారు. అది మనకు హాని చేయకపోయినా, కుక్క రక్తంలో చక్కెరను గంటలోపే పడగొట్టగలదు, కాలేయాన్ని దెబ్బతీయగలదు. చాక్లెట్ రుచి పొడి కూడా కుక్కకు విషమే. మిథియోనిన్ బిళ్లలు అదే పనిగా ఇచ్చినా వాంతులు పట్టుకుంటాయి.

ఇక మూడో సీసా డబ్బు సంగతి. దానితో మొదట కుక్కను పశువుల ఆస్పత్రికి తీసుకువెళ్లి పేడ పరీక్ష చేయించండి. పల్లెల్లో చిక్కిన కుక్కల కడుపులో కొంకి పురుగులు ఉండటం మామూలే. అవి పేగు గోడను కొరికి రక్తం తాగుతాయి. రక్తమంటే మాంసకృత్తులే కదా. చిగుళ్లు తెల్లబడటం, విరేచనం నల్లగా తారులా రావడం వాటి గుర్తులు. పైనుంచి ఎంత పోసినా కింద కారిపోతుంటే కుండ నిండదు. నట్టల మందు ఎంత వేయాలో బరువును బట్టి డాక్టరు చెబుతారు. తర్వాత మూడు నెలలకోసారి వేయించండి. గోమార్లు, పిడుదులు ఉంటే వాటికీ మందు అడగండి.

పురుగుల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా మరువకండి. మాంసకృత్తులు వస్తాయని పండుగకు మేకను కోసినప్పుడు పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు వేయకండి. వాటిలో నీటి తిత్తులుంటే కుక్క కడుపులో బద్దె పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క విరేచనంతో బయటపడి, చేతుల ద్వారా పిల్లల నోటికి చేరితే పిల్లల కాలేయంలో అలాంటి తిత్తులే పెరుగుతాయి. బాగా ఉడకబెట్టి పెట్టండి. తిత్తులు కనిపించిన భాగాన్ని కాల్చండి, లేదా లోతుగా పూడ్చండి.

ముసలి కుక్కకు మాంసకృత్తులు తగ్గించాలని కొందరు అంటారు. మూత్రపిండాలు బాగున్న ముసలి కుక్కకు తగ్గించకూడదు. వయసుతో కండ కరుగుతుంది కాబట్టి కాస్త ఎక్కువే కావచ్చు. నీళ్లు మరీ ఎక్కువ తాగుతూ, మూత్రం ఎక్కువ పోస్తూ, నోరు దుర్వాసన వస్తుంటే మాత్రం రక్త పరీక్ష చేయించండి. మూత్రపిండాల జబ్బు ఉందని తేలితే ఎంత తగ్గించాలో డాక్టరు చెప్పిన ప్రకారమే చేయండి, అప్పుడు నా లెక్క పనికిరాదు.

సోదరా, మీ ఊళ్లో ధాన్యం కాటా ఉంటుంది. ముందు కుక్కను ఎత్తుకుని మీరు కాటా ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి. తేడాయే కుక్క బరువు. నట్టల మందు వేయించిన రోజు ఒకసారి, ఆరు వారాల తర్వాత ఒకసారి తూచండి. బొచ్చు మళ్లీ రావడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, తొందరపడకండి. రెండు తూకాలూ కార్డు మీద రాసి పంపండి. బరువు పెరగకపోతే ఏ పరీక్షలు చేయించాలో ఆ కార్డు అందిన నెలలోనే ఈ శీర్షికలో రాస్తాను.